తెరుచుకోని బొరియల సైటు

ఒక పెద్ద అడవిలో బ్రాడ్‌బ్యాండ్ ఉండేది. ఉండేది అంటే, దాని పేరు ఎప్పుడూ ఉండేది. అది మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడు ఉండేది.

గాలివాటం అనే కంపెనీ దాన్ని తెచ్చింది. తీగలు లాగే పని లేదు, గోతులు తవ్వే పని లేదు. సిమ్ వేసిన తెల్ల డబ్బా ఒకటి ఇస్తారు. బొరియ గుమ్మంలో పెట్టుకుంటే చాలు, గుట్ట మీది టవర్ నుంచి నెట్ దానంతట అదే నడుచుకుంటూ వస్తుందన్నారు. నడుచుకుంటూ వస్తుందని ముందే చెప్పారు కాబట్టి, ఆలస్యమవుతోందని తర్వాత ఎవరూ గట్టిగా నిలదీయలేకపోయారు.

సింగారమ్మ అనే ఏదుపంది కూడా ఒక డబ్బా తీసుకుంది. సింగారమ్మకు ఒంటి నిండా ముళ్ళు, నోటి నిండా మాటలు. వాటికి తోడు ఒక మంచి బొరియ. రాతి నేలలో, కడుపుతో ఉన్నప్పుడు, గోళ్ళు అరిగిపోయేలా తవ్వుకున్న బొరియ అది. పిల్లలు అందులోనే పుట్టారు, అందులోనే పెరిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. సింగారమ్మకు ఇక ఈ లోకంలో నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ బొరియ ఒక్కటే.

ఆ బొరియ మీద కొండచిలువ అనంతయ్యకు చాలాకాలంగా కన్నుంది. రోజూ మధ్యాహ్నం వచ్చి గుమ్మం ఎదురుగా చుట్ట చుట్టుకుని పడుకునేవాడు.

"ఊరికే చెల్లెమ్మా, నీడ బాగుంటుందని," అనేవాడు. అక్కడ నీడ ఉండేది కాదు.

ఇలా ఉండగా పాలక మండలివారి బొరియల శాఖ ఒక ప్రకటన చేసింది. ఆ శాఖకు కమిషనర్ అడవిదున్న గంభీరరావు. ఆయన జన్మలో ఏ బొరియలోనూ అడుగు పెట్టలేదు. పెట్టాలన్నా కొమ్ము దగ్గరే ఆగిపోతాడు. అందుకే, నిష్పక్షపాతంగా ఉంటాడని ఆయనకు ఆ శాఖ ఇచ్చారు.

"తొలకరి చినుకు పడేలోగా ప్రతివారూ తమ బొరియను సైటులో నమోదు చేసుకోవాలి. నమోదు కాని బొరియలో ఎవరూ లేనట్టే లెక్క. లోపల ఎవరైనా ఉన్నా సరే," అన్నాడు గంభీరరావు.

సింగారమ్మ వెంటనే సైటు తెరవబోయింది. గుండ్రంగా ఏదో తిరిగింది. తిరిగి తిరిగి, కనెక్షన్ కుదరలేదని చెప్పి ఆగిపోయింది. కాసేపాగి చూస్తే తెరుచుకుంది. పేరు రాసింది, బొరియ లోతు రాసింది, ఎన్ని గుమ్మాలో రాసింది. చివరి బటన్ నొక్కగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఆవిడ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది.

"గాలివాటం కుటుంబానికి స్వాగతం. నా పేరు సుహాసిని," అంది అవతల గోరువంక.

"బొరియల సైటు ఒకసారి వస్తోంది, పదిసార్లు పోతోందమ్మా."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. వేరే సైట్లు వస్తున్నాయా?"

"నెమలి డాన్సులు బ్రహ్మాండంగా వస్తున్నాయి."

"అయితే మీ నెట్ పనిచేస్తోంది మేడమ్."

"కొంప పోతుంటే నెమలి డాన్సు చూసుకుంటూ కూర్చోనా తల్లీ?"

"అది పూర్తిగా మీ ఇష్టం మేడమ్. డబ్బా ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేసి, సైటు వచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉండండి."

సింగారమ్మ ఆపింది, ఆన్ చేసింది. డబ్బాను గుమ్మంలోంచి పుట్ట మీదికి మార్చింది. పుట్ట మీదినుంచి బండ మీదికి మార్చింది. చివరికి ముళ్ళకు గుచ్చుకుని టవర్ ఎటుంటే అటు వీపు తిప్పుకుంటూ అడవంతా తిరిగింది. ఎక్కడికెళ్ళినా నెమలి డాన్సులే. సాయంత్రానికి మాత్రం ఒక సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైంది, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

సింగారమ్మ ఇచ్చినవి నక్షత్రాలు కావు. అవి ఇక్కడ రాయడం బాగుండదు.

పక్క బొరియలో ఉండే కుందేలు పాపాయమ్మది కూడా ఇదే గోల. "పిల్లలందరికీ తలా ఒక ఫోను ఇచ్చి కూర్చోబెట్టాను వదినా. ఎవరికి తగిలినా తగిలినట్టే కదా. పొద్దుటినుంచీ నొక్కుతూనే ఉన్నారు," అంది. ముంగిసలు నొక్కుతున్నాయి, పందికొక్కులు నొక్కుతున్నాయి. సుహాసిని చెప్పిన సలహా తు.చ. తప్పకుండా అడవంతా పాటిస్తోంది.

సింగారమ్మ రోజూ ఫోన్ చేసి తిట్టగా తిట్టగా కంపెనీవారు ఒక కొండముచ్చును పంపారు. పేరు అంజిబాబు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఏ పనికీ వాడని స్క్రూడ్రైవర్. వస్తూనే వేగం కొలిచాడు.

"అమ్మా, వేగం చూడండి. చిరుతపులి కూడా అందుకోలేదు."

"అది ఎటు పరిగెడుతోందో చూడు ముందు. బొరియల సైటుకి వెళ్ళడం లేదు."

అంజిబాబు తన ఫోను తీసి నొక్కాడు. సైటు చటుక్కున తెరుచుకుంది. "ఇదిగోండి, వచ్చిందిగా!"

సింగారమ్మ ఆ ఫోను కేసి చూసింది. "నీది ఏ కంపెనీ నాయనా?"

"వేరేదండీ," అన్నాడు అంజిబాబు, దాచుకోకుండా. "మాది ఇక్కడ సరిగ్గా పనిచేయదు."

"అయితే నీ ఫోనులోంచే నాది నమోదు చేసి పుణ్యం కట్టుకో."

"కుదరదమ్మా. ఏ కనెక్షన్ నుంచి వెళ్తే ఆ అడ్రసుకే రాసేస్తారు వాళ్ళు. బొరియ మీదే, పేరూ మీదే, కానీ ఉండేది మా చెట్టు మీద అని పడుతుంది."

సింగారమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. గోళ్ళు అరిగిన సంగతి, పిల్లల సంగతి అన్నీ చెప్పి ఏడ్చింది. ఏడుస్తూనే నాలుగు చిలగడదుంపలు కాల్చి పెట్టింది. రెండో దుంప తినేసరికి అంజిబాబు మనసు కరిగింది.

"అసలు విషయం చెప్తాను, నా పేరు బయటికి రానీకండి. మా వాళ్ళు అడవి మొత్తానికి నెట్‌లో ఒకటే అడ్రసు తీసుకున్నారు. మీరు వెళ్ళినా, కుందేలు వెళ్ళినా, పందికొక్కు వెళ్ళినా ఆ ఒక్క అడ్రసు మీదే వెళ్తారు. సైటు దగ్గర కాపలా ఉన్నది ఉడుము. ఒకే అడ్రసు నుంచి పొద్దస్తమానం తలుపు కొడుతుంటే ఎవడో దొంగ అనుకుని గడియ పెట్టేస్తుంది. కోపం తగ్గాక తీస్తుంది. తీసీ తీయగానే మళ్ళీ అడవంతా వెళ్ళి కొడుతుంది."

"మరి ఆ నెమలి డాన్సులు?"

"నెమలికి ఎంతమంది వస్తే అంత సంబరం కదండీ. అదెందుకు తలుపేస్తుంది?"

"ఈ సంగతి మీ పెద్దలకు తెలుసా?"

"తెలుసండి. కానీ ఇది మా సమస్య అని రాయడానికి లేదు. మీ ఇంటి గోడ అడ్డం అని రాసి వెళ్తాను." అలాగే రాసి, మూడో దుంప చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. బొరియకు గోడేమిటని అడిగే ఓపిక కూడా సింగారమ్మకు లేకపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ చాలాసేపు ఆలోచించింది. అందరికీ చెప్పి, వంతులవారీగా వెళ్దామంటే? కుందేళ్ళు వంతు పాటించే జాతేనా? ముంగిసలు ఒప్పుకుంటాయా? మీటింగు పెడితే అధ్యక్షుడెవరన్న దగ్గరే తొలకరి దాటిపోతుంది. పైగా మబ్బులు కమ్ముకొస్తున్నాయి. గుమ్మం ఎదురుగా అనంతయ్య ఒళ్ళు విరుచుకుంటూ, లోపల తన పొడవుకి చోటు సరిపోతుందా అని కంటితో కొలుచుకుంటున్నాడు.

భయం వేస్తే ఎవరికైనా బుద్ధి ఇరుకైపోతుంది. సింగారమ్మ అడవివాసుల గ్రూపులో ఒక సందేశం పెట్టింది: "శుభవార్త! నమోదు గడువు వచ్చే వేసవి దాకా పొడిగించారు. కంగారు పడకండి. పదిమందికీ పంపండి."

అడవి పదిమందికీ పంపింది. నిజమా అని ఒక్కరూ అడగలేదు. చెడ్డవార్త అయితే ఆరా తీస్తారు గాని, మంచివార్తను ఎవరైనా ఎందుకు పాడుచేసుకుంటారు?

"బతికించావు వదినా," అంటూ పాపాయమ్మ స్వయంగా వచ్చి సింగారమ్మ చేతులు పట్టుకుంది. "పిల్లలకు కళ్ళు వాచిపోయాయి. హాయిగా పడుకోబెట్టాను." సింగారమ్మకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అదీ తన ముల్లే. అయినా నవ్వి ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అడవంతా గుర్రు పెడుతోంది. ఒక్క సింగారమ్మే ఫోను ముందు కూర్చుంది. సైటు కొట్టగానే తెరుచుకుంది. మీరు మరమనిషి కాదని రుజువు చేయండి, వేటగాడున్న బొమ్మలన్నీ గుర్తించండి అంది. ఒక బొమ్మలో పొద వెనక బూటు కొస మాత్రమే కనిపిస్తోంది. ప్రాణం మీద తీపి ఉన్న జంతువు కనుక అదీ గుర్తించింది.

చివర ఒక ప్రశ్న వచ్చింది: మీరు ప్రస్తుతం వచ్చిన అడ్రసునే మీ బొరియ అడ్రసుగా శాశ్వతంగా నమోదు చేయమంటారా?

"చేయి తండ్రీ, చేయి," అంటూ సింగారమ్మ అవును నొక్కింది. పచ్చటి టిక్కు పడింది. ఆవిడ ఫోనును కళ్ళకద్దుకుని ఏడ్చింది. కొంప దక్కింది.

రెండు రోజులకు తొలకరి పడింది. ఆ వానలోనే గంభీరరావు మందీ మార్బలంతో దిగాడు. వెనక కుందేళ్ళు, ముంగిసలు, పందికొక్కులు, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి. వాటి వెనక అనంతయ్య, మూట లేకుండా.

"ఏమ్మా, సింగారమ్మవు నువ్వేనా? అభినందనలు. అడవి మొత్తంలో నమోదైన బొరియ నీదొక్కటే. అందుకే మిగతావన్నీ ఖాళీవని తేల్చి పూడ్చేశాం."

"మహాప్రసాదం బాబూ. మరి వీళ్ళంతా ఇక్కడికెందుకు?"

"మా ఉడుము దగ్గర పక్కా లెక్కలున్నాయి. వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఏ అడ్రసు నుంచి మా తలుపు కొట్టారో, ఆ అడ్రసునే నువ్వు నీ బొరియ అని రాయించావు. అంటే వీళ్ళందరూ ఉండేది ఇక్కడే. శాశ్వతంగా."

"అయ్యా, అది నా అడ్రసు కాదు! కంపెనీది! అడవికంతా అదొక్కటే!"

"అభ్యంతరాలుంటే సైటులో పెట్టుకో," అన్నాడు గంభీరరావు. అడవంతటికీ ఇల్లు చూపించిన తృప్తితో ఆయన వెళ్ళిపోయాడు.

పాపాయమ్మ ముందుకొచ్చింది. తడిసిన పిల్లలు ఆవిడ కాళ్ళకు చుట్టుకుని వణుకుతున్నారు. "గడువు పొడిగించారని నువ్వేగా చెప్పావు వదినా?"

జన్మలో మొదటిసారి సిగ్గుతో సింగారమ్మ ముళ్ళన్నీ వాలిపోయాయి. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

అందరూ లోపలికి చేరారు. అటు తిరిగితే ముంగిస తోక, ఇటు తిరిగితే పందికొక్కు మూతి. ఎవరు కదిలినా సింగారమ్మ ముళ్ళు గుచ్చుకునేవి, ఎవరో ఒకరు కెవ్వుమనేవారు. వారం తిరక్కుండా నివాసుల సంక్షేమ సంఘం పుట్టింది. ఎవరినీ గుచ్చని నున్నటి ఒళ్ళు గలవాడని అనంతయ్యను అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన వచ్చాక లోపల ఇరుకు రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. ఎలా తగ్గుతోందో పాపాయమ్మ తన పిల్లల్ని లెక్కపెట్టుకున్నప్పుడు గాని తెలియలేదు. అప్పటికి ఫిర్యాదులు వినే పదవి కూడా ఆయనదే అయింది.

మొదటి సమావేశంలో సంఘం ఒకే ఒక్క తీర్మానం చేసింది. పిల్లాపాపలున్న చోట పదునైన వస్తువులు ఉండరాదు.

"నాకేం పట్టింపు లేదు చెల్లెమ్మా," అన్నాడు అనంతయ్య ఎంతో బాధగా. "జనం మాట కాదనలేను కదా."

వానలో, తాను తవ్వుకున్న బొరియ బయట, సింగారమ్మ ముడుచుకుని కూర్చుంది.

నీతి: పొరుగువారిని పక్కకు తప్పించి ముందు మీ పేరే నమోదు చేసుకోండి, వారిని మీ ఇంటికి చేర్చే సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది.