ఏడో ప్రశ్నకు ఒకటే జవాబు

కరెంటు నుంచి మనిషి ప్రాణాన్ని కాపాడేది పచ్చ వైరు అని చాలామంది అపోహ పడుతుంటారు. కాపాడేది ఫారం. పచ్చ వైరు అందులో ఏడో ప్రశ్న మాత్రమే.

మా ఆవిడ పొగకు దగ్గలేక సతమతమవుతోందని వంటింట్లోకి చిమ్నీ కొన్నాం. బిగించడానికి వచ్చిన కంపెనీ మెకానిక్ గోడలోని వైర్లు చూసి పెదవి విరిచాడు.

"మీ ఇంటికి ఎర్త్ లేదు సార్. పెరట్లో గొయ్యి తీసి కడ్డీ దించాలి. ఒక్క పూట పని."

తర్వాత ఫోన్లో ఫారం తెరిచాడు. ఏడో ప్రశ్న: 'ఎర్త్ ఉన్నదా?' కింద ఒకే ఒక్క జవాబు: 'ఉన్నది'. ('లేదు' అనే జవాబును వినియోగదారుల భద్రత దృష్ట్యా తొలగించారట.) అది నొక్కితేగాని ఎనిమిదో ప్రశ్న రాదు. నొక్కాడు. ఎటూ కలపని పచ్చ వైరును మడిచి, టేపు చుట్టి, వెళ్తూ వెళ్తూ "చెప్పులేసుకుని వండండమ్మా" అని మా ఆవిడకు సాంకేతిక సలహా ఇచ్చాడు.

మూడో రోజు ఆవిడ చెప్పులు మరిచి చిమ్నీ మీట నొక్కింది. గరిటె ఎగిరి గుమ్మంలో పడింది.

"జివ్వుమంది! మోచేతిదాకా లాగేసింది. ఆ గొయ్యేదో తవ్వించండి బాబూ."

"చూద్దాంలే" అన్నాను. రికార్డులో ఒక ఎర్త్ ఉండగా ఇంకోటి పెట్టించడం దుబారా కదా. పద్ధతి ప్రకారం ఫిర్యాదు పెట్టాను. ఆవిడ చిమ్నీ ఆపేసి, మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే గృహధూమ నివారణ ఉపపర్యవేక్షణాధికారి వేంచేశారు.

"రికార్డు ప్రకారం మీకు ఎర్త్ ఉంది. ఎర్త్ ఉన్నచోట షాక్ కొట్టదు. కాబట్టి మేడమ్‌కి కొట్టింది షాక్ కాదు."

"మరేంటండీ?" అంది మా ఆవిడ.

"అనుభూతి. దానికి వేరే ఫారం ఉంది."

"అయితే ఆన్ చేస్తాను, మీరోసారి చెయ్యి పెట్టండి."

అధికారి చిమ్నీ వైపు కాసేపు భక్తిగా చూశారు. "ఇంట్లో రబ్బరు చెప్పులున్నాయా?" అన్నారు.

ఆవిడ తన కాళ్ళవే విప్పి ఇచ్చింది. మడమలు బయటికి వేలాడుతుండగా వాటిలో నిలబడి, చిటికెన వేలితో చిమ్నీని తాకి, 'షాక్ లేదు' అని కాగితం మీద రాశారు. ఇంటి యజమానిగా కింద నేను సంతకం పెట్టాను. (నాకైతే ఎప్పుడూ కొట్టలేదు. వంటింట్లోకి వెళ్ళే అలవాటు లేదు.) అధికారి చెప్పులు విప్పేసి వెళ్ళిపోయారు.

మా ఆవిడ వాటిని తొడుక్కుని, గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి వంట మీరు చెయ్యండి. షాక్ లేదని సంతకం పెట్టారుగా."

చెప్పులు మాత్రం ఇవ్వలేదు. చిమ్నీ వైపు చూస్తే నాకు నిజంగానే భయం వేసింది.

ఆ సాయంత్రానికల్లా పెరట్లో గొయ్యి తవ్వడం, కడ్డీ దించడం, పచ్చ వైరు కలపడం అన్నీ అయిపోయాయి. తొమ్మిది రోజులు ఆగిన పని అది. ముట్టుకోవాల్సిన చెయ్యి ఎవరిదో తేలడమే ఆలస్యం.