ఎడిటర్ వరణము, పడవ తరణము

వీధిలోని వాహనఘోషము దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, గోడగడియారము పదిన్నర చూపుచుండగా, మాట పడిపోయినవారికి మరల మాట నేర్పు ఒకానొక క్లినిక్కునందు, ఉచితసాఫ్ట్‌వేర్ వ్రతధారియు, ఎవరును అడుగని సలహాలకు పెన్నిధియు నగు ప్రోగ్రామరు ల్యాప్‌టాప్ ముందు వీరాసనము వేసి కూర్చుండెను. క్లినిక్కు నడుపు థెరపిస్టు అతని అక్క.

ఈ సంగ్రామమునకు కారణమొక పడవ. అక్క వద్ద ఫ్లాష్‌లో చేసిన పాత ఆట యొకటి కలదు. రోగి మైకులో పలికినచో తెరమీద పడవ కదలును. గొంతు చాలినచో ఒడ్డు చేరును. పక్షవాతము వచ్చిన దర్జీ యొకాయన నాలుగు నెలలుగా ఎంత ప్రయాసపడినను ఆ పడవ నడియేటనే నిలిచిపోవుచుండెను. పాపము, ఆయన మనసు విరిగి, మరియొక్క నాటితో సరి, ఇక రానని పోయినసారి సైగ చేసెను. ప్రోగ్రాములో గొంతు బలమును కొలుచు నలభై యను అంకెను పది చేసిన చాలును, సన్నని గొంతుకైనను పడవ దాటును. ఆ మాట అక్క తమ్మునికి చెప్పి పదిదినములయ్యెను.

పదిదినములును మన వీరుడు ఎడిటర్‌ను, అనగా ప్రోగ్రాము వ్రాసి దిద్దు సాధనమును, ఎన్నుకొనుచుండెను. వెలయిచ్చి కొను సాధనమును తాకుట అతనికి మహాపాతకము. కావున ఉచిత ఎడిటర్ల నొక్కొక్కదానినే రణరంగమునకు పిలిచి, అంకె మార్చి, కంపైలరుచేత కొత్త ఫైలు కట్టించి, ఆట తెరచి, దర్జీవలె సన్నగా మూలిగి చూచెను. పడవ దాటలేదు. దాటనందుకు మొదటిది సోమరియనెను, రెండవది ద్రోహియనెను, మూడవదాని రంగులే అపశకునమనెను. ఇట్లు ఏడుగురు యోధులు ఏ పాపమెరుగకయే నేలగరచిరి. ఎనిమిదవదానికిని ఆ గతియే పట్టనుండగా, అక్క వచ్చి వెనుక నిలిచెను.

"ఒరేయ్, నువ్వు ప్రతిసారీ తెరుస్తున్నది నా పాత ఫైలురా. తేదీ చూడు, పోయినేడాదిది. నువ్వు చేసినవన్నీ పక్క ఫోల్డర్లో పడున్నాయి."

ఉన్నవి. ఎనిమిదియు ఉన్నవి. ఎనిమిదింటను పడవ సుఖముగా దాటుచున్నది.

ఇంతలో దర్జీ తన భార్య చేయూతతో వచ్చి కూర్చుండెను. అక్క ఆయన తలకు మైకు తగిలించి, కొత్త ఆట తెరచెను. తమ్ముడు ఊరకుండునా? సభనుద్దేశించి గొంతు సవరించుకొనెను.

"అక్కా, ఏడు ఎడిటర్లను మథించి, చెడుగులను దునిమి, ఈ ఎనిమిదవదానిని వరించిన నా తపస్సు సామాన్యము కాదు. దీని అక్షరముల సొంపు వేరు, దీని కీబోర్డు శీఘ్రసంకేతముల ఇంపు వేరు, ఇక వర్ణశోభ యందువా..."

అతడు చదువుచున్న శీఘ్రసంకేతముల పట్టిక మూడవ పుటకు చేరునప్పటికి దర్జీ ముఖము కందెను, పెదవులు వణకెను.

"ఆ... పు."

పడవ ఒడ్డు తాకెను. ఆయన భార్య కుర్చీ వెనుకభాగమును రెండు చేతులతో పట్టుకొని ఏడ్చెను. అక్క తమ్మునికి నోరు మూయుమని సైగ చేసి, "మళ్లీ అనండి" అనెను. దర్జీ ప్రోగ్రామరు వైపే గురిచూచి, ఈసారి తడబడక "ఆపు" అనెను.

మాట పడిపోయినవారిచే మాటలాడించిన ఎనిమిదవ ఎడిటర్ దిగ్విజయము వర్ధిల్లుగాక యని ప్రోగ్రామరు ఆ మధ్యాహ్నమే తన బ్లాగున లోకమునకు చాటెను.