పక్కింటి పీపా

"నీరు ప్రజలందరి సొత్తు. దాని రంగు మాత్రం చూసేవారి అభిప్రాయం!"

ఈ మహావాక్యం మా పాసిర్ తెంబాగా జిల్లా నీటి కార్యాలయం ముందు మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. పెట్టినప్పుడు ఆ బోర్డు తెల్లగా ఉండేది. కార్యాలయం వాళ్లు దాన్ని తమ నీళ్లతోనే కడుగుతూ వచ్చారు కాబట్టి ఇప్పుడు తేనె రంగుకి తిరిగింది. దానికి సరిగ్గా ఎదురుగా నా దుకాణం. నేను ఇళ్లకు నీటి ఫిల్టర్లు అమ్ముతాను. ఇంతకన్నా మంచి ప్రకటన ఈ దేశంలో ఏ వ్యాపారికీ లేదు. పైగా దాని ఖర్చు ప్రభుత్వానిది!

నా పేరు కల్సోమ్. ఊరంతా నన్ను అక్కా అంటుంది. నాకన్నా పెద్దవాళ్లు కూడా అక్కా అనే అంటారు. బేరమాడదలచుకున్నవాళ్లు "మా మంచి అక్కా" అంటారు. అలా అన్నవాళ్లకి నేను కొంచెం ఎక్కువే చెబుతాను.

మా తూర్పు తీరంలో ఫిల్టరంటే వంటింటి మూల నక్కి కూర్చునే వస్తువు కాదు. వాకిట్లో, కారు పక్కన, గేటులోంచి అందరికీ కనబడేలా నిలబడే స్టీలు పీపా. లోపల ఇసుక, బొగ్గు. పక్కన ఒక పిడి. ఆ పిడికి వరసగా మూడు గుర్తులు: వడపోత, జాడింపు, కడుగుడు. వారమంతా వడపోత మీద ఉంచి, శుక్రవారం పొద్దున కడుగుడు మీదికి తిప్పితే, లోపల పేరుకున్న మురికంతా గొట్టంలోంచి వీధి కాలువలో పడుతుంది. తర్వాత జాడింపు మీద పెట్టి, నీళ్లు తేటపడ్డాక మళ్లీ వడపోతకి రావాలి.

ఈ శుక్రవారం కడుగుడే మా ఊళ్లో అసలు సిసలు వేడుక. మగవాళ్లు లుంగీలు బిగించి, ఎవరి వాకిట్లో వాళ్లు పిడి పట్టుకుని నిలబడతారు.

"చూశావా మా మురికి? పాలు పోయని కాఫీ!"

"అదీ ఒక మురికేనా! ఇలా వచ్చి మాది చూడు, తారు!"

"నీది కొత్త పీపా కదయ్యా, అప్పుడే అంత చిక్కగా రాదులే. ఓపిక పట్టు!"

మా ఊళ్లో మనిషి పరువుని ఇంట్లోకి వచ్చే నీటితో కొలవరు. ఇంట్లోంచి కాలువలోకి పోయే మురికితో కొలుస్తారు. వ్యాపారిగా నాకు ఈ కొలమానం మీద ఏ అభ్యంతరమూ లేదు.

ఒక వారం నా దగ్గరికి ఇద్దరు గిరాకీలు వచ్చారు. ఒకే గోడ పంచుకున్న జంట ఇళ్లవాళ్లు. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు.

మొదటివాడు హాజీ డెరమాన్. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వీధి మొత్తానికి వాకిట్లో పీపా లేనిది ఆయనకూ, ఆయన పక్కింటికీ మాత్రమే.

"అక్కా, ఎదురింటివాడి పీపా వాడి మెడ దాకా వస్తుంది. నాది నా నెత్తి దాటాలి," అన్నాడు.

"ఇంట్లో ఎంతమంది, హాజీ? నీళ్లు ఎంత వాడతారు?"

"నీళ్లా! నీళ్లు నాకెందుకు? పెరట్లో బావి ఉంది, అద్దంలాంటి నీళ్లు. నాకు కావలసింది పీపా. ఖాళీది ఇచ్చెయ్. లోపల ఇసుక ఉందో లేదో ఎవడు తెరిచి చూస్తాడు?"

ఖాళీ పీపా అమ్మడం నా వృత్తి ధర్మానికి విరుద్ధం. ఇసుక మీద వచ్చే లాభం పోతుంది. అందుకని అడిగాను: "మరి శుక్రవారం పిడి తిప్పితే కాలువలోకి ఏం వస్తుంది?"

హాజీ ముఖం వాడిపోయింది. "నిజమే... మురికి లేని పీపా ఏం పీపా?" అని, గొంతు తగ్గించి అడిగాడు. "మురికి విడిగా అమ్మవా, అక్కా?"

రెండో గిరాకీ మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. మోటారుసైకిలు హెల్మెట్ తియ్యకుండా, ముందున్న అద్దమైనా ఎత్తకుండా లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నాకొక ఫిల్టరు కావాలి. అది ఉండాలి. ఉండకూడదు."

ఆ భాష వినగానే ప్రభుత్వోద్యోగి అని తెలిసింది. ఆ గొంతు వినగానే ఎవరో కూడా తెలిసింది. "కొళాయి తిప్పండి! తిన్నగా తాగండి!" అని సోమవారం సోమవారం రేడియోలో చెప్పే గొంతది. జిల్లా నీటి అధికారి, తువాన్ వాన్ సుఫియాన్. తువాన్ అంటే మా వైపు దొరగారు అన్నట్టు.

"హెల్మెట్ తియ్యండి తువాన్, ఉక్కపోస్తుంది," అన్నాను.

ఆయన హెల్మెట్ తియ్యలేదు గానీ జేబులోంచి ఒక కాగితం తీశాడు. రాష్ట్ర నీటి శాఖ డైరెక్టరు దాతో ఇద్రిస్ గారి సంతకంతో వచ్చిన ఉత్తరువు. దాతో అంటే సుల్తాను ఇచ్చే బిరుదు. నేను పైకే చదివాను: "శాఖా సిబ్బంది గృహములందు వడపోత పరికరములు కానవచ్చినచో, అది శాఖ సరఫరా చేయు నీటి పట్ల అవిశ్వాస ప్రకటనగా పరిగణింపబడును."

నేను సరుకు పట్టీలు చదివి చదివి పండిపోయినదాన్ని. 'ఉన్నచో' అనలేదు, 'కానవచ్చినచో' అన్నారు. రాసినవాళ్లెవరో అనుభవం ఉన్నవాళ్లే అనుకున్నాను.

"రాష్ట్ర ఉప డైరెక్టరు పదవి ఖాళీ అయింది అక్కా. పోటీలో ఇద్దరం మిగిలాం. నా వాకిట్లో పీపా ఉందని ఆ రెండోవాడికి తెలిసిందంటే నా పని సరి."

"అయితే ఫిల్టరు మానెయ్యండి. కొళాయి తిప్పండి, తిన్నగా తాగండి!"

ఇంతలో వెనకనుంచి ఆయన భార్య మస్తూరా దిగబడింది. వచ్చీ రాగానే ఒక సంచి బల్లమీద గుమ్మరించింది. లోపల ఆవిడ నమాజుకి కప్పుకునే తెల్లటి ముసుగు. తెల్లటిది అనేది కొన్ననాటి మాట.

"చూడక్కా! మసీదులో మా ఆడవాళ్ల వరసలో 'నీటి శాఖాయన భార్య ఏది?' అని ఎవరైనా అడిగితే, 'అదుగో, పసుప్పచ్చగా కనబడుతోందే, ఆవిడే' అంటున్నారు! ఈయనకి పదవి వచ్చేలోపు నేను కుంకుమ పువ్వు రంగుకి వచ్చేస్తాను. పదవి కావాలో నేను కావాలో తేల్చుకోమన్నాను."

"ఏం తేల్చారు తువాన్?"

"అందుకే గదా నీ దగ్గరికి వచ్చాను," అన్నాడు హెల్మెట్ లోంచి.

నేను లెక్క వేసుకున్నాను. ఒకరికి పీపా కావాలి, నీళ్లు వద్దు. ఇంకొకరికి నీళ్లు కావాలి, పీపా వద్దు. మధ్యన ఒక్క గోడ. ఇలాంటి లెక్క వ్యాపారి జీవితంలో ఒక్కసారే కుదురుతుంది!

గోడకి కింద ఒక రంధ్రం పెట్టించాను. తువాన్ గారి మీటరు దగ్గర బయల్దేరిన గొట్టం గోడ దాటి హాజీ వాకిట్లోకి వెళ్లి, హాజీ నెత్తి దాటిన పీపాలో వడకట్టుకుని, మళ్లీ గోడ దాటి తువాన్ గారి వంటింట్లో తేలుతుంది. గొట్టం కనబడకుండా గులాబీ కుండీలు పెట్టించాను. ఖర్చంతా తువాన్‌ది, కీర్తంతా హాజీది. శుక్రవారం పిడి తిప్పే హక్కు హాజీకి దఖలు పరిచాం.

"ఒక్కటి గుర్తుపెట్టుకో హాజీ," అని వేలు చూపించి చెప్పాను. "కడిగాక జాడించకుండా వడపోతకి తిప్పావంటే, ఆ కలకంతా తిన్నగా తువాన్ వంటింట్లోకి పోతుంది."

"ఆ మాత్రం తెలియదా అక్కా, నేను బ్యాంకులో పనిచేశాను!"

మొదటి శుక్రవారమే హాజీ మురికి వీధిలో అందరి మురికినీ మించిపోయింది. జనం గేటు దగ్గర గుమిగూడారు. మస్తూరా ముసుగు మల్లెపువ్వులా వచ్చింది. ఇద్దరు గిరాకీలూ ఎవరికి వాళ్లు తమకే లాభం వచ్చిందనుకున్నారు. నేను వాళ్లిద్దరి మాటా కాదనలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ వీధివాళ్లు చాన్నాళ్లుగా ఒక అర్జీ పెట్టుకుని ఉన్నారు. భూమిలోని ఇనప గొట్టాలు తుప్పు పట్టిపోయాయి, కొత్తవి వేయించండి అని. అర్జీ రాష్ట్ర కార్యాలయానికి వెళ్లింది. అక్కణ్నుంచి పరీక్షకి నీళ్లు పట్టుకెళ్లడానికి మనుషులొచ్చారు. నీళ్లు ఎవరింట్లో పట్టుకోవాలి? శాఖ మనిషి ఇంట్లోనే పట్టుకోవడం మర్యాద. పట్టుకున్నారు. ఆ నీళ్లు రాష్ట్రంలోకెల్లా స్వచ్ఛమైనవని తేలింది!

వెంటనే దాతో ఇద్రిస్ గారి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. 'కొళాయి దగ్గరే ఒక గుక్క' అనే ప్రచారోద్యమాన్ని తువాన్ సుఫియాన్ వంటింట్లో, టీవీ కెమెరాల ముందు, దాతోగారే స్వయంగా గ్లాసుడు నీళ్లు తాగి ప్రారంభిస్తారట. ఉప డైరెక్టరు పేరు కూడా అక్కడే ప్రకటిస్తారట.

తువాన్‌కి నిద్ర పట్టలేదు. బుధవారం ముహూర్తం గనక కడుగుడు భయం లేదు. అయినా మస్తూరా నన్ను రమ్మంది. "మా పిన్ని కూతురివని చెబుతాను అక్కా. అకోక్ పళ్లెం పట్టుకుని వంటింట్లో నిలబడు. ఏదైనా తేడా వస్తే చూసుకుంటావు." అకోక్ అంటే గుడ్డూ కొబ్బరిపాలూ కలిపి చేసే మా ఊరి మిఠాయి. అది పట్టుకున్న మనిషిని ఏ అధికారీ ఎందుకొచ్చావని అడగడు.

దాతో వచ్చారు. నల్ల కళ్లద్దాలు, వెనకాల ముగ్గురు సహాయకులు, వాళ్ల వెనకాల కెమెరాలు, గేటు బయట ఆశగా వీధి జనం. వరండాలో ఉపన్యాసం మొదలైంది. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. గోడ అవతలినుంచి ఒక కెమెరా కుర్రాడి గొంతు వినబడింది.

"ఇదేంటి హాజీ, రాకెట్‌లా ఉంది?"

"రాకెట్టా! ఈ వీధిలోనే పెద్దది నాయనా. దీని మురికి చూడాలి నువ్వు!"

నేను పళ్లెంతో సహా కిటికీ మీదికి వంగాను.

"మురికి ఇప్పుడు రాదా?"

"ఎందుకు రాదు? దగ్గరికి రా. చొక్కా జాగ్రత్త!"

భళ్లున శబ్దం. వెంటనే చప్పట్లు! నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "హాజీ! ఆపవయ్యా!"

హాజీ ఆపాడు. నా అరుపుకి అదిరిపడి, కడుగుడు మీదున్న పిడిని జాడింపు మీద ఆగకుండా ఏకంగా వడపోతకి తిప్పేశాడు. ఇటు చూస్తే వంటింట్లోకి దాతో అడుగుపెట్టారు, తువాన్ సుఫియాన్ చిరునవ్వుతో కొళాయి తిప్పేశాడు.

గాజు గ్లాసులోకి పాలు పోయని కాఫీ దిగింది.

తువాన్ ముఖం పాలిపోయింది. ఆ వంటింట్లో తెల్లగా ఉన్నది అదొక్కటే.

"దాతో... ఇది... ఇనుము," అన్నాడు. "రక్తానికి చాలా మంచిది."

కెమెరా వాళ్లు ఇంకా గుమ్మంలో తోసుకుంటున్నారు. దాతో గ్లాసు అందుకున్నారు. కెమెరాలకి వీపు తిప్పి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, వెలుతురుకి పట్టి చూశారు. అడుగున ఇసుక రేణువులు గిరగిరా తిరుగుతున్నాయి. అకోక్ కోసం వంగినట్టు నా పళ్లెం మీదికి వంగి, పెదవులు కదపకుండా చెప్పారు:

"పక్కింటాయన కడిగి, జాడించకుండా తిప్పేశాడు. వెళ్లి మధ్య గుర్తు మీద పెట్టమను. అయిదు నిమిషాలు వదలమను."

ఆ వెంటనే గ్లాసు తొట్టిలో ఒంపేసి, అటు తిరిగి పెద్ద గొంతుతో అన్నారు. "మిత్రులారా! మీ దీపాలు మరీ పసుప్పచ్చగా ఉన్నాయి. నీళ్ల రంగే మారిపోయి కనబడుతోంది! సర్దుకోండి. ఈలోపల మనం అకోక్ తిందాం."

నేను పెరటి దారిన పరుగెత్తాను. పిడి మధ్యకి తిప్పి, హాజీని నాలుగు మాటలని, నీళ్లు తేటపడ్డాక వడపోత మీద పెట్టి వచ్చాను. కొళాయి మళ్లీ తిప్పారు. అద్దంలాంటి నీళ్లు! దాతో ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కెమెరాకేసి బోర్లించి చూపించారు.

"కొళాయి నుంచి తిన్నగా! ఇలాంటి నీళ్లు ఇంటిల్లిపాదీ తాగే సుఫియానే మన కొత్త ఉప డైరెక్టరు. ఇంకొక శుభవార్త. ఇంత మంచి నీరు వస్తుండగా ఈ వీధికి కొత్త గొట్టాలు అనవసరమని తేలింది!"

గేటు దగ్గర జనం కూడా చప్పట్లు కొట్టారు. కెమెరా అప్పుడే తమవైపు తిరిగింది మరి. పోయింది తమ అర్జీ అని చప్పట్లయ్యాక తెలిసింది. సాయంత్రానికి నా దుకాణంలో కుర్చీలు చాలలేదు. పాత పీపా మార్చి పెద్దది కావాలన్నవాళ్లే అందరూ.

అది తర్వాతి సంగతి. అక్కడ వంటింట్లో మస్తూరా ఆనందంతో కళ్లు తుడుచుకుంది, తెల్లటి ముసుగుతోనే. హాజీ మాత్రం తన మురికి టీవీలో వస్తుందా రాదా అని కెమెరా కుర్రాడి వెంటబడ్డాడు.

అందరూ సంతోషంగా ఉన్నారు. నాకొక్కదానికే మనసులో ముల్లు గుచ్చుకుంది. ఎవరూ చెప్పకుండానే పీపా పక్కింట్లో ఉందని దాతోకి ఎలా తెలిసిందన్నది నన్ను బాధించలేదు, అది తేలిగ్గా అర్థమయ్యే విషయం. అయిదు నిమిషాలన్నారే, అదీ నా బాధ! నా పీపాలకి మూడు చాలు. అయిదు పట్టేది రాజధానిలో నా పోటీదారు లియోంగ్ అమ్మే సరుకుకి.

దాతో కారు ఎక్కబోతుంటే, మిగిలిన అకోక్ పొట్లం కట్టి అందించే వంకతో దగ్గరికి వెళ్లాను. పొట్లం పైన నా దుకాణం చీటీ పెట్టాను.

"దాతో, మా పీపాలకి అయిదు నిమిషాలు అక్కర్లేదండీ. మూడు నిమిషాల్లో తేటపడిపోతుంది."

ఆయన ఒక కాలు కారులో, ఒక కాలు నేలమీద పెట్టి ఆగిపోయారు. నల్ల కళ్లద్దాలు తీశారు. అటు చూశారు, ఇటు చూశారు.

"నిజంగా మూడేనా?"

"మూడే."

చీటీ తీసి లోపలి జేబులో పెట్టుకున్నారు.

"సరే. మా పక్కింటాయన్ని అడిగి కబురు చేస్తాను."