కొండముచ్చు కేకకు దిద్దుబాటు

ఒక పెద్ద అడవిలో పంచాయతీ వారికి ఉన్నట్టుండి ఇంగ్లీషు మీద మోజు పుట్టింది. ఫారెస్టు బంగళా అరుగు కింద కాపురముండి నాలుగు ముక్కలు నేర్చిన ముళ్లపంది కంటకేశ్వరరావును భాషాధికారిగా వేశారు, తాత్కాలికంగా. అడవిలో ఒక్క తప్పయినా దిద్ది చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు పగటి నిద్ర కరువైంది.

తప్పు చెట్టు మీదే దొరికింది. పులి కనబడితే కాపలా కొండముచ్చు "లాంగ్ టైమ్ నో సీ" అని అరిచేది. తిరిగి తిరిగి చివరికి పులిని చూసిన జీపుల జనం అలా అరుస్తుంటే విని నేర్చుకుంది. అర్థం ఎవరికీ తెలియదు. వినగానే అడవంతా కాలికి బుద్ధి చెప్పేది.

"ఇదేం వాక్యం? కర్త లేడు, క్రియకు దిక్కు లేదు," అన్నాడు కంటకేశ్వరరావు.

"కర్త వెనకాలే వస్తుంటాడు కదండీ, చారలతో," అంది కొండముచ్చు.

"ఇంగ్లీషువాళ్లు వింటే నవ్విపోతారు."

"వాళ్లే అలా అంటారటండీ."

"చెప్పేవాడు లేక."

ఆ జవాబుకు తనకే ముచ్చటేసింది. 'మిమ్మల్ని చూసి చాలా కాలమైందండీ' అని అర్థమొచ్చే నిండు ఇంగ్లీషు వాక్యం కొండముచ్చుకు నేర్పాడు. దానికి మర్యాదగా ఏం బదులివ్వాలో మిగతావాళ్లకు నేర్పాడు.

ఉద్యోగం ఖాయం చేసే సభ నాడే పులి వచ్చింది. కొండముచ్చు గొంతు సవరించుకుని, పొల్లు పోకుండా, కొత్త వాక్యం వినిపించింది. ఒక్కరూ కదల్లేదు. దుప్పి చుక్కమ్మ తల వంచి, "అవునండీ, తమరు కులాసాయేనా?" అని చక్కటి ఇంగ్లీషులో అడిగింది. ప్రెసిడెంటు ఏనుగు చెవులతో చప్పట్లు కొట్టాడు.

కంటకేశ్వరరావుకు మొదట కలిగింది గర్వమే. తరవాత చుక్కమ్మ వెనక గడ్డి కదలడం చూశాడు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, తెరవకపోతే చుక్కమ్మ పోతుంది.

"లాంగ్ టైమ్ నో సీ" అని గావుకేక పెట్టాడు.

క్షణంలో సభ ఖాళీ. చుక్కమ్మ బతికింది. ఆమె మీద పడబోయిన పంజా మధ్యలో నిలబడ్డ కంటకేశ్వరరావు వెనకభాగానికి తగిలి, అక్కడి ముళ్లన్నీ ఊడిపోయాయి.

"దిద్దమంటే తప్పే అరిచావేమిటయ్యా?" అన్నాడు, పులి పోయాక తిరిగొచ్చిన ప్రెసిడెంటు, ఇంకా ఆయాసపడుతూనే.

"అది వాడుకండీ. దిద్దాల్సింది నన్ను," అన్నాడు కంటకేశ్వరరావు, బోసి వీపును చెట్టుకు ఆనించి దాచుకుంటూ.

ఇప్పుడెవరైనా కుశలమడిగితే, "ముళ్లు ఊడాయి, ఉద్యోగం ఊడింది, వ్యాకరణం మాత్రం క్షేమం," అంటాడు.

నీతి: పులి రానంతవరకు అందరి వ్యాకరణమూ నిర్దోషమే.