ముందు కుడివైపు పార్టు

శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు విజయవాడ ఆటోనగర్‌లోని ఒక స్పేర్‌పార్టుల షాపులో, యాభై రెండేళ్ల ముప్పాళ్ళ పూర్ణచంద్రాన్ని ఆయన సొంత కారులోంచి విప్పి, ఆ స్థానంలో బయటి కంపెనీ తయారుచేసిన మరో ఓనర్‌ని బిగించారు. పనికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. షాపు నడిపే మస్తాన్‌వలికి అది రోజూ ఉండే పనే. ఆ పొద్దున అతను రెండు క్లచ్ ప్లేట్లు, ఒక సైలెన్సర్ మార్చి, గుంటూరు నుంచి వచ్చిన కారుకి ఒక ఓనర్‌ని కూడా మార్చాడు.

పూర్ణచంద్రం కారు తొమ్మిదేళ్ల నాటిది. తెల్లది, చిన్నది. ఆయన కానూరులో ఒక ఎరువుల గోడౌన్‌లో స్టాకు చూస్తాడు. ఇంట్లో భార్య హైమావతి, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు లిఖిత. కారుకి ఆయన మొదటిసారి బయటి పార్టు వేయించింది నాలుగేళ్ల కిందట. అవి వైపర్ బ్లేడ్లు. కంపెనీవి కావాలంటే వారం ఆగమన్నారు. బయటివి చేతికి అప్పుడే దొరికాయి, కంపెనీవాటికంటే బాగా తుడిచాయి. ఆ వానాకాలం ఆయన ఈ సంగతి గోడౌన్‌లో చాలామందికి చెప్పాడు.

పార్టు ఎంచడంలో ఆయనకొక పద్ధతి ఉంది. ముందు డబ్బా మీద హోలోగ్రామ్ చూస్తాడు. పార్టు నంబరు జేబులో చీటీతో సరిచూస్తాడు. రబ్బరు వస్తువైతే బొటనవేలితో వంచి వదిలి, ఎంతసేపటికి తిరిగి నిలబడుతుందో చూస్తాడు. అదే పార్టు వాడిన ఇద్దరు డ్రైవర్లనైనా అడగనిదే తీసుకోడు. అలా ఎంచిన పార్టు ఏదీ ఆయన్ని మోసం చెయ్యలేదు. ఇబ్బంది ఇంకోచోట వచ్చింది. కొత్త పార్టు పడగానే దాని పక్కది పాతదని తెలిసిపోయేది. బ్రేక్ ప్యాడ్లు మార్చాక డిస్కులు కీచుమన్నాయి. డిస్కులు మార్చాక బేరింగుల మోత వినపడింది. బేరింగులయ్యాక షాక్ అబ్జార్బర్లు, అవయ్యాక టైర్లు, టైర్ల కోసం అల్లాయ్ వీల్స్. హైమావతి నడుము నొప్పికి సీట్లు మార్చారు. లిఖిత డ్రైవింగ్ నేర్చుకుంటానంటే టచ్ స్క్రీన్, వెనక కెమెరా పెట్టించారు. తెల్లకాంతి హెడ్‌లైట్లు వేయించాక, ఇన్నాళ్లూ ఇంత చీకట్లో ఎలా నడిపానా అని ఆయనకే అనిపించింది.

మొన్న వేసవికి మారిన పార్టుల సంఖ్య నలభై ఒకటైంది. నలభై దాటితే పొందిక తనిఖీ తప్పనిసరి. మారిన పార్టులన్నీ ఒకదానికొకటి సరిపడుతున్నాయో లేదో అక్కడ చూస్తారు. తనిఖీ అధికారి పూర్ణచంద్రం పక్కన కూర్చుని, ఆరు కిలోమీటర్లు నడిపించి, దిగి ఫారం నింపాడు. నలభై ఒక్క పార్టులూ సరిగ్గా ఉన్నాయి. కింద ఒక వరుసలో రాశాడు: "పొసగని భాగం: ఓనర్. ముందు, కుడివైపు. గడువు పదిహేను రోజులు."

కారణాలు వెనక పేజీలో ఉన్నాయి. వెనక కెమెరా ఉండగా మెడ తిప్పి చూశాడు. బ్రేకు చాలా ముందే తొక్కాడు, కొత్త ప్యాడ్లకి అంత దూరం అక్కర్లేదు. టచ్ స్క్రీన్‌ని గోటితో నొక్కాడు. సీటుకి వీపు ఆనించకుండా ముందుకి ఒరిగి కూర్చున్నాడు. పూర్ణచంద్రం రెండుసార్లు చదివాడు. అందులో అబద్ధం ఏమీ కనపడలేదు.

"పోనీ బండికి మళ్లీ పాత పార్టులే వేయించుకుంటేనండీ?" అని అడిగాడు.

"ఆ మోడల్ పార్టులు కంపెనీ ఆపేసింది కదండీ," అన్నాడు అధికారి. "ఇప్పుడు నలభై ఒకటి మార్చడం తేలికా, ఒకటి మార్చడం తేలికా? మీరే చెప్పండి."

ఆయన ఇంటికొచ్చి ఫారం భోజనాల బల్ల మీద పెట్టాడు. హైమావతి చదివి, తనిఖీకి వేరే ఊరెళ్తే ఏమైనా మారుతుందా అని అడిగింది. మారదన్నాడు. లిఖిత ఫోన్‌లో వెతికి, తన క్లాసులో ఇద్దరి ఇళ్లలో అప్పటికే మార్చారని చెప్పింది.

"మార్చాక ఆఫీసుకి ఎవరెళ్తారంట?" అంది హైమావతి.

"కారు ఎక్కడికెళ్తే ఓనర్ అక్కడికి," అన్నాడు పూర్ణచంద్రం. "పేరు మారదు. ఆర్సీలో నా పేరే ఉంటుంది. పార్టు నంబరొక్కటే కొత్తది."

"మరి మీరు?"

ఫారంలో ఆ గడి లేదు.

పద్నాలుగో రోజు శనివారం. ముగ్గురూ పదిన్నరకి ఆటోనగర్ చేరారు. మస్తాన్‌వలి కౌంటర్ మీద ఫారం పరిచి చదివాడు.

"కంపెనీ ఒరిజినల్ అడక్కండి సార్. మీ సంవత్సరం ఓనర్లు తయారీలో లేరు," అన్నాడు. "సెకండ్ హ్యాండ్ ఒకడున్నాడు, బాపట్ల బండిలోంచి తీసింది. ఇంజను బాగుంది గానీ రెండు రోజులకోసారి అలుగుతాడు. లోకల్ మాల్ ఉంది. హైవే ఎక్కితే వేడెక్కుతాడు, దారిన పోయేవాళ్లని తిడతాడు. నా మాట వింటే బ్రాండు తీసుకోండి. పూణే మాల్. ఆర్నెల్లు వారంటీ."

"మా బండికి పడుతుందా?"

"పదకొండు మోడల్ నుంచి పంతొమ్మిది మోడల్ దాకా అన్ని చిన్నబళ్లకీ పడుద్ది సార్. నేనే నలభై బిగించా. ఒక్కటి వెనక్కి రాలేదు."

నిలువుగా ఉన్న అట్టపెట్టె తీసుకొచ్చి విప్పారు. లోపలున్న మనిషి పూర్ణచంద్రం కంటే అంగుళం పొడవు. గళ్ల చొక్కా వేసుకున్నాడు. కాలరు మీద వారంటీ స్టిక్కరుంది. పూర్ణచంద్రం హోలోగ్రామ్ చూశాడు. నంబరు చీటీతో సరిచూశాడు. భుజం మీద బొటనవేలు పెట్టి నొక్కి వదిలాడు. వెంటనే నిలబడింది. బయట టీ బండి దగ్గర ఇద్దరు డ్రైవర్లుంటే వెళ్లి అడిగాడు. మంచి మాలే అన్నారు. అందులో ఒకడు, తానే ఆ కంపెనీ మాల్‌నని చెప్పాడు.

మంచి మాల్ కాకూడదని ఆయనకి లోపల ఉంది. ఏదో ఒక లోపం దొరికితే ఇంకో పదిహేను రోజులు గడువు అడగవచ్చు. అందుకే బిగించేముందు ఒకసారి కూర్చోబెట్టి చూపించమన్నాడు.

కొత్త ఓనర్ సీట్లో కూర్చున్నాడు. వీపు సీటుకి ఆనింది. పక్కన హైమావతి, వెనక లిఖిత ఎక్కారు. పూర్ణచంద్రం బయట, కిటికీ దగ్గర నిలబడ్డాడు. షాపు చుట్టూ ఒకసారి తిప్పారు. కారు రివర్స్‌లో వస్తున్నప్పుడు కొత్త ఓనర్ మెడ తిప్పలేదు, స్క్రీన్ చూసి గీత మీద ఆపాడు.

"ఏసీ ఎంతలో పెట్టమంటావమ్మా?" అని లిఖితని అడిగాడు.

మైలేజీ పోతుందని పూర్ణచంద్రం బెంజి సర్కిల్ దాటేదాకా ఏసీ వేసేవాడు కాదు. దాటాక కూడా ఎంతలో అని అడిగేవాడు కాదు.

"ఇరవై రెండు," అంది లిఖిత. తర్వాత కిటికీలోంచి తండ్రిని చూసి, "ఇరవై నాలుగైనా పర్లేదు," అంది.

హైమావతి దిగి వచ్చింది. "ఎలా ఉంది?" అని అడిగాడు పూర్ణచంద్రం.

"కుదుపు లేదండీ." మస్తాన్‌వలి వైపు తిరిగి అడిగింది. "స్పీడ్ బ్రేకరొస్తే 'పట్టుకోండి' అంటాడా?"

"అనడమ్మా. షాక్ అబ్జార్బర్లు మార్చాం కదా. వచ్చింది కూడా మీకు తెలీదు."

"ఈయన అనేవారు."

"పాత షాకులున్నప్పుడు అలవాటై ఉంటుందమ్మా. కావాలంటే విడిగా వేయించుకోవచ్చు, కానీ ఎవరూ వేయించుకోరు."

పూర్ణచంద్రం ఇంకోసారి కారు చుట్టూ తిరిగాడు. కొత్త ఓనర్ రెండు చేతులూ స్టీరింగ్ మీద సరైన చోట ఉన్నాయి. పదకొండూ నలభై అయిదుకి ఆయన జేబులోంచి చీటీ తీసి, నంబరు ఎదురుగా టిక్కు పెట్టాడు.

"ఇదే వెయ్యి, మస్తాన్," అన్నాడు.

విప్పే పని పద్ధతి ప్రకారం జరిగింది. ముందు సీటు బెల్టు తీశారు. కారు బ్లూటూత్‌లో ఆయన ఫోన్ పేరు తొలగించి, ఫోన్ కొత్త ఓనర్‌కి ఇచ్చారు. లైసెన్సు, ఇంటి తాళం కూడా ఉన్న గుత్తి, గోడౌన్ గుర్తింపు కార్డు అప్పగించారు. చొక్కా జేబులో పెన్ను అప్పగింత జాబితాలో లేదు కాబట్టి ఆయనకే వదిలేశారు. పన్నెండూ పదికి కొత్త ఓనర్ ఇంజను స్టార్ట్ చేశాడు.

తీసేసిన పాత సామాన్ని షాపు పక్క గోడవారన పెడతారు. సాయంత్రం నాలుగింటికి తూకానికి కొనే లారీ వస్తుంది. పూర్ణచంద్రాన్ని అక్కడ రెండు రేడియేటర్ల పక్కన కూర్చోమన్నారు. అప్పటికే అక్కడ గుంటూరు కారులోంచి తీసిన మనిషి ఉన్నాడు. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

"ఎన్నేళ్ల బండండీ?" అని అడిగాడు.

"తొమ్మిది. మీదో?"

"పదకొండు. మా అబ్బాయి అప్పుడు ఒళ్లో కూర్చునేవాడు."

"మీవాళ్లు వెళ్లిపోయారా?"

"పదింటికే వెళ్లారు. టోల్ స్టిక్కరు పనిచేస్తుందో లేదో చూసుకుని బయల్దేరారు."

పూర్ణచంద్రం తమ కారు వైపు చూసి అడిగాడు. "వెనక్కి చూశారా?"

"కెమెరా ఉంది కదండీ," అన్నాడు గుంటూరాయన.

కౌంటర్ దగ్గర హైమావతి బిల్లు చదువుతోంది. పార్టు నంబరు, వారంటీ తేదీ, కారు నంబరు చూసి సంతకం పెట్టింది. లిఖిత అప్పటికే కారులో కూర్చుంది. ఏసీ నడుస్తోంది. హైమావతి కారు తలుపు దాకా వెళ్లి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, తిరిగి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"పాతదేదీ?" అంది.

"గోడవార ఉందమ్మా. లారీకి ఇచ్చేస్తాం."

"వద్దు. మా డిక్కీలో పెట్టించు."

"ఎందుకమ్మా, చోటు దండగ?"

"పాత పార్టు చేతికి తీసుకోకుండా షెడ్డు దాటకూడదని మా అన్నయ్య వందసార్లు చెప్పాడు. మార్చకుండా మార్చామనేవాళ్లు లేరా ఈ ఆటోనగర్‌లో?"

మస్తాన్‌వలి నొచ్చుకున్నాడు. "ఎదురుగా బిగిస్తే చూశారు కదమ్మా! ఇరవై ఏళ్ల నుంచి ఉన్నా ఇక్కడ. ఎవరినన్నా అడగండి."

"నిన్ననలేదయ్యా. పద్ధతి చెప్తున్నా."

"పాతది వాపసు తీసుకుంటే వారంటీ రాదు. ఆర్నెల్లలో ఇతనికి ఏమన్నా అయితే మేం మార్చం. రాసివ్వాలి మీరు."

హైమావతి కారు వైపు చూసింది. కొత్త ఓనర్ అద్దం సర్దుకుంటున్నాడు.

"కాగితం ఇటివ్వు," అంది. వారంటీ వద్దని రాసి, తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం చేసింది.

డిక్కీ ఆమే ఎత్తి పట్టుకుంది. స్టెప్నీని ఒక పక్కకి జరిపింది. పూర్ణచంద్రం వచ్చి ఎక్కాడు. ఆమె ఆయన ముఖం వైపు చూడలేదు.

"కాళ్లు మడవండి."

"మడిచాను."

"ఇంకొంచెం. మూత తగులుద్ది."

వెనక అద్దం కింద పడి ఉన్న పాత సీటు కవరు తీసి, నాలుగు మడతలు వేసి, ఆయన తల కింద పెట్టింది.

"హైమా, ఇంటికెళ్లాక ఎక్కడ పెడతావ్?" అని అడిగాడు పూర్ణచంద్రం.

"చూద్దాం. మెట్ల కింద ఇన్వర్టరు జరిపితే పడతారేమో. ముందు వెళ్లనివ్వండి."

మూత ఒకసారికి పడలేదు. రెండోసారి గట్టిగా వేసింది.

ఒంటిగంటా అయిదుకి కారు ఆటోనగర్ గేటు దాటింది. బయట రోడ్డు మీద పోలీసులు కార్లు ఆపి చూస్తున్నారు. కానిస్టేబుల్ చెయ్యి చూపిస్తే కొత్త ఓనర్ గీత మీద ఆపి, లైసెన్సు ఇచ్చాడు. కానిస్టేబుల్ ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, పొందిక ఫారం చూశాడు. డిక్కీ తెరవమన్నాడు. హైమావతి దిగి తెరిచింది.

"ఇదేందమ్మా?"

"పాతదండీ. ఇవాళే మార్చాం."

"వాపసు తెచ్చుకున్నారా? ఎవరూ తెచ్చుకోరే. బిల్లుందా?"

ఆమె బిల్లు ఇచ్చింది. కానిస్టేబుల్ పార్టు నంబరు చదివి, వంగి, లోపలికి చూశాడు.

"గాలాడుతుందా సార్?"

"ఆడుతుందండీ," అన్నాడు పూర్ణచంద్రం.

కానిస్టేబుల్ మూత వేసి, కారు వెళ్లవచ్చని చెయ్యి ఊపాడు. ఒంటిగంటా పదకొండుకి తనిఖీ పుస్తకంలో ఆ కారు నంబరు ఎదురుగా ఇలా రాశాడు: "మనుషులు ముగ్గురు. సామాను ఒకటి."