యజమాని లేని ఉప్పు మడి

అయ్యా, కూలివాడికి తన యజమాని ఎవరో తెలియకపోవడమంత సుఖం ఈ భూమ్మీద మరొకటి లేదు! నమ్మరా? కంట్రాక్టరు అనే పదార్థాన్ని కనిపెట్టినవాడికి మన జిల్లాలో ఊరూరా విగ్రహం పెట్టించాలని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. వినే నాథుడు లేడు.

వెనకటి రోజుల్లో ఏముండేది? ఏడాది జీతానికి కంబారివాణ్ణి, అదే పాలేరుని, పెట్టుకుంటే, కామందు వాడి కళ్ళెదుటే ఉండేవాడు. జ్వరమొస్తే వాడు కామందు గుమ్మంలోనే ముడుచుకు పడుకునేవాడు. గంజి పోయకపోతే నలుగురూ వినేలా తిట్టేవాడు. ఎంత నామోషీ! ఎంత రభస! ఇప్పుడో? తిట్టుకోవడానికి మనిషే దొరకడు. ఇంతకన్నా శాంతి ఏం కావాలి?

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. అయినా కంట్రాక్టు చట్టాన్ని కూడబలుక్కుని చదివాను. ఒకడు అడగాలి. రెండోవాడు ఒప్పుకోవాలి. బలవంతం ఉండకూడదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. అంతే, కంట్రాక్టు! కాగితం ఉండి తీరాలని కూడా లేదు, నోటిమాట చాలు.

మన నౌపడ ఉప్పు మళ్ళలో ఇదంతా శాస్త్రోక్తంగా జరుగుతుంది. సీజను మొదట్లో మేస్త్రీ ఎర్రన్న గుడిసె గుడిసెకీ వెళ్ళి ఆకూ వక్కా ఇస్తాడు. అది ఆఫరు. పుచ్చుకుని నోట్లో వేసుకుంటే యాక్సెప్టెన్సు. నమిలేశాక ఇక లాయరు కూడా ఏం చెయ్యలేడు!

బలవంతం ఉందా? రామ రామ! ఎర్రన్న పరాయివాడా? ఆ కూలీల్లో సగం మందికి మేనమామ. మేనమామ ఇచ్చిన ఆకు వద్దనేవాడెవడు? పోనీ, ఇంట్లో గింజ లేకపోవడం బలవంతం కాదా అంటారా? చట్టంలో ఆ మాట లేదు. నేను వెతికాను.

మొన్న వేసవిలో రాముడనే కూలీ పాదం ఉప్పుగడ్డ కోసుకుని చీలింది. తొడుగు లేని కాళ్ళతో పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నిలబడితే పుండు మానుతుందా? మానలేదు. మానకపోవడం రాముడి తప్పే! పాదం కుండలా వాచింది. వేళ్ళు నల్లబడ్డాయి. భార్య తవిటమ్మది ఒకటే పట్టు: టెక్కలి ఆసుపత్రికి బండి కట్టించాలి, మొగుడి కాలు దక్కాలి. పనిలో దెబ్బ తగిలితే చూసుకోవలసినవాడు పని చేయించుకున్నవాడే అని నాబోటి పనిలేనివాడెవడో ఆవిడకి నూరిపోశాడు.

ముందు మేస్త్రీని పట్టుకుంది. "మావా, నీ మేనల్లుడి కాలు కుళ్ళిపోతన్నాది. బండేదీ?"

"నానేటి సేత్తానే పిల్లా! ఆకులిమ్మన్నారు, ఇచ్చినాను. నానూ నీలాటి కూలోడ్నే. కంట్రాక్టరు బాబునడుగు."

కంట్రాక్టరు చంద్రశేఖరంగారు ఎంతో ఓపిగ్గా విన్నారు. "నీకు ఆకిచ్చింది నేనా? మడి నాదా? ఉప్పు నాదా? మడి గలాయన శ్రీకాకుళంలో ఉన్నారు, పో."

తవిటమ్మ రైలెక్కింది. మడి గలాయన నరసింగరావుగారు మేడమెట్ల మీంచే సెలవిచ్చారు. "రాముడా? ఎవరమ్మా వాడు? ఉప్పు తీయించే పని నేను కంట్రాక్టుకిచ్చాను. ఆ కూలీలతో నాకు ఏ ఒప్పందమూ లేదు."

ఎంత మర్యాద! 'అమ్మా' అని కూడా అన్నారు!

చూశారా ముచ్చట? మడి ఉంది, ఉప్పు ఉంది, ఉప్పు తీసే చెయ్యి ఉంది, యజమాని మాత్రం లేడు! పరబ్రహ్మం అంటే ఏమిటో అని ఇన్నాళ్ళూ బుర్రలు బద్దలుకొట్టుకున్నారు కదా వేదాంతులు! ఇదే. లాభం దగ్గర సాకారం, పుండు దగ్గర నిరాకారం.

నష్టపరిహారం చట్టంలో మాత్రం ఎవడో తుంటరివాడు, మధ్యలో కంట్రాక్టరున్నా సరే అసలు యజమాని పూచీ పడాల్సిందేనని రాసిపెట్టాడు. ఆ పేజీ చదవకండి. కళ్ళు పాడవుతాయి.

తవిటమ్మ వట్టి చేతులతో తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్నే సముద్రం వైపు మబ్బు కమ్మింది. తీసిన ఉప్పంతా గట్ల మీద కుప్పలుగా ఉంది. వాన పడేలోపు కొటారు కప్పు కిందికి చేర్చకపోతే నీళ్ళయిపోతుంది. అందరూ తట్టలెత్తారు. తవిటమ్మ తన తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. పక్కన తోటి కూలీ తాయారు కూర్చుంది. మరిడమ్మ కూర్చుంది. చూస్తూ ఉండగా మడి మడంతా కూర్చుంది.

"లెగండే! వానొచ్చేత్తాది! ఆకు తిన్న మాట మరిసిపోనారేటి?" అని ఎర్రన్న గట్టు మీద గంతులేశాడు.

"తిన్నాం మావా. ఉమ్మేసినాం కూడా," అంది మరిడమ్మ.

కబురు వెళ్ళింది. మధ్యాహ్నానికి నరసింగరావుగారే జీపులో వచ్చి వాలారు. చెప్పులు బురదలో దిగబడిపోతున్నా ఆగకుండా అరుపులు! "ఎవర్నడిగి పని మానేశారే? నా కూలీలై ఉండి నా ఉప్పు నీళ్ళపాలు చేస్తారా? ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే కోర్టుకీడుస్తాను!"

తవిటమ్మ లేవలేదు.

"ఓలమ్మీ తాయారూ, ఇన్నావేటే? మన యజమాని ఈ బాబేనంట!" అని, ఆయనవైపు తిరిగింది. "బాబూ, మీ కూలోడు రాముడు గుడిసెలో పడున్నాడు. ముందర ఆడ్ని మీ జీపులోకెక్కించండి. మీ ఉప్పు మేం సూసుకుంతాం."

మొదటి చినుకు పడింది. నరసింగరావుగారు కుప్పల్ని చూశారు, మబ్బుని చూశారు, డ్రైవరుకి సైగ చేశారు. రాముణ్ణి ఎక్కించుకుని జీపు కదిలాకే తట్టలు లేచాయి.

ఇదండీ నా బాధ! చక్కగా కనబడకుండా ఉన్న మనిషిని ఒక్క పూటలో కనబడేటట్టు చేసేసిందే ఆవిడ! రేపు మిగతా మళ్ళవాళ్ళు కూడా తట్టలు బోర్లించి ఎవరి యజమానిని వాళ్ళు వెతుక్కుంటే దేశం ఏమైపోవాలి?

రాముడికి కాలు దక్కింది. రెండు వేళ్ళు మాత్రం డాక్టరు తీసేశాడు. ముగ్గురు పెద్దమనుషులూ ఒకరి మీదికొకరు తోసుకుంటూ ఉండగా కుళ్ళిన వేళ్ళవి. వాటికి పూచీ ఎవరిదని తవిటమ్మ మళ్ళీ మేడమెట్ల దగ్గర నిలబడింది. కంట్రాక్టరుని అడగమన్నారు నరసింగరావుగారు.

వాన వెలిసింది కదండీ! ఉప్పంతా లోపలికి చేరిపోయింది.