ఊక బూడిదపై రౌండ్ టేబుల్ తీర్మానం

ఆన్‌లైన్‌లో ట్రోలింగ్ చేసే వాళ్లను చట్టం తెచ్చి జైల్లో పెట్టాలని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల ప్రముఖులు ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం ప్రతిని ఢిల్లీకి పంపారు. ఢిల్లీ నుంచి జవాబు వచ్చే వరకు అందరూ సంయమనం పాటించాలని ఈ ప్రముఖుల వేదికకు కన్వీనర్ అయిన సైదయ్య కోరాడు.

సైదయ్య మిర్యాలగూడలో విలేకరి. 'మన మూడు పట్టణాలు' అనే ఫేస్‌బుక్ గ్రూపుకు అడ్మిన్. ఎవరు చేరాలో, ఏది ఉండాలో, ఏది పోవాలో ఆయన బొటనవేలే నిర్ణయిస్తుంది. ఇన్నేళ్లు వార్తలు రాసినా ఆయనకు దక్కని అధికారం అది.

ఆ గ్రూపులో స్వరూప ఒక వీడియో పెట్టింది. ఆమె మిర్యాలగూడలో అద్దెకుంటూ ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తోంది. రైసు మిల్లుల నుంచి ఎగిరే ఊక బూడిద డాబా మీద ఆరేసిన బట్టల మీద పడుతోందని, నల్లబడ్డ దుప్పటి చూపించి చెప్పింది. అంతే చెప్పింది.

కింద వందల కామెంట్లు వచ్చాయి. బూడిద గురించి ఒక్కటీ లేదు. మొదట చీర గురించి రాశారు. తర్వాత గొంతు గురించి, ఆ తర్వాత నడత గురించి. సూర్యాపేట వాళ్లు సూటిగా తిట్టారు. కోదాడ వాళ్లు ఆంధ్రకు దగ్గర కాబట్టి 'అండీ' చేర్చి తిట్టారు. మిర్యాలగూడ వాళ్లు సొంత ఊరి ఆడపిల్ల కదా అని వేరే పేర్లతో వచ్చి తిట్టారు. సైదయ్య ఏమీ రాయలేదు. ఒకచోట నవ్వే బొమ్మ మాత్రం పెట్టాడు. బొమ్మ కామెంటు కిందికి రాదని ఆయన అభిప్రాయం.

స్వరూప ఆయన ఇంటికి వచ్చింది.

"అన్నా, అడ్మిన్‌వి నువ్వే గద. గవన్నీ తీసెయ్యరాదె. వీడియో ఉండనియ్యి, బూడిద ముచ్చట నిజమే గద. మా నాయినకు ఫోన్ లేదు, ఇంకా ఎరుక లేదు. ఎరుకైతే బడి బంద్ పెట్టిస్తడు."

నిజానికి అది బొటనవేలితో అయిపోయే పని. కానీ సైదయ్యకు అంతలోనే దేశం గుర్తొచ్చింది.

"తీసేస్తే సాక్ష్యం పోతది చెల్లె. ఇది నీ ఒక్కదాని ముచ్చట గాదు. చట్టం రావాలె."

"చట్టం వచ్చేదాంక ఉంచుతవా అన్నా?" అని అడిగింది స్వరూప. ఆమెకు విషయ తీవ్రత అర్థం కాలేదని సైదయ్య జాలిపడ్డాడు.

సూర్యాపేటలో రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. టేబుల్ పొడవుగా ఉంది. కోదాడ నుంచి వచ్చిన న్యాయవాది క్రాంతి మాట్లాడుతూ, "స్త్రీని అవమానించే వేలు ఏదైనా సరే, అది సంకెళ్లలో ఉండాలండీ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. చట్టం పాత కామెంట్లకు కూడా వర్తిస్తుందా అని వెనక వరుసలో ఎవరో అడిగారు. చాలామంది ఫోన్లు తీసి తమ పాత కామెంట్లు వెతుక్కున్నారు. తీర్మానాన్ని సవరించారు. రేపటి నుంచి రాసేవాటికే శిక్ష. రాజకీయ విమర్శకు మినహాయింపు. సరదాకు మినహాయింపు. నవ్వే బొమ్మలకు మినహాయింపు కావాలని సైదయ్య పట్టుబట్టి సాధించాడు.

సమావేశాన్ని లైవ్ ఇచ్చారు. అధ్యక్షుడి బట్టతల గురించి ఒకడు లైవ్ కింద ఏదో రాశాడు. అధ్యక్షుడు వేదిక మీది నుంచే వాడి తల్లిని ప్రస్తావిస్తూ జవాబు రాసి, స్త్రీల గౌరవంపై ప్రసంగం కొనసాగించాడు.

ప్రజల్లో చైతన్యం రావాలంటే ఫ్లెక్సీ పెట్టాలని చివరగా నిర్ణయించారు. మన దగ్గర పుట్టినరోజైనా, సంతాపమైనా, ఖండనైనా ఫ్లెక్సీ మీదికి ఎక్కితేనే జరిగినట్టు. ఏ ఘోరాన్ని ఖండిస్తున్నామో జనానికి తెలియాలి కాబట్టి ఐదు కామెంట్లను అచ్చు వేయాలనుకున్నారు. మెత్తగా ఉన్నవి పక్కన పెట్టారు. వాటికి ఎవరికీ కోపం రాదు. అచ్చుకు ఇచ్చే ముందు కామెంట్లలోని తప్పులను సైదయ్య దిద్దాడు. ఎంతైనా విలేకరి.

మిర్యాలగూడ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మధ్యలో స్వరూప ఫొటో. చుట్టూ చేతులు జోడించిన ప్రముఖులు. వాళ్ల కింద పెద్ద అక్షరాల్లో ఐదు కామెంట్లు. అడుగున చోటు చాలక చిన్నగా 'ఖండిస్తున్నాం'. వడ్ల లారీలు అక్కడ నెమ్మదిగా పోసాగాయి.

సైదయ్య దాని ముందు నిలబడి ఫొటో దిగుతుండగా, గొర్రెలకు మందు కొనడానికి దామరచర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆగాడు. పేరు మంగయ్య. స్వరూప తండ్రి.

"సారు, గాడున్నది మా స్వరూప గాదె? ఏం రాసిండ్రు? నాకు సదువు రాదు, జర సెప్పుర్రి."

సైదయ్య ఫ్లెక్సీ వైపు చూశాడు. తాను ఎంపిక చేసిన మాటలు, తాను దిద్దిన మాటలు, నోటితో చదవాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

"నీ బిడ్డ మంచి మాట చెప్పిందని రాసిండ్రు."

"గాడ ఐదు వరుసలున్నయి గద. ఐదూ సదువు."

సైదయ్య చదివాడు. బూడిద సంగతి నిజమని ఒకరు రాశారన్నాడు. ధైర్యం గల పిల్ల అని ఒకరు. గొంతు బాగుందని ఒకరు. పిల్లలకు బాగా చెబుతుందని ఒకరు. పెంచిన వాళ్లకు దండం పెట్టాలని ఒకరు. అసలు ఐదోది కూడా పెంపకం గురించే.

మంగయ్య తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. "గీ కవరు నాకియ్యి సారు. గొర్ల దొడ్డి మీద కప్పుత. ఊరోళ్లు సూడాలె."

కాదనాలంటే నిజం చెప్పాలి. సైదయ్య తాళ్లు తానే విప్పి, చుట్టి, ఆయన భుజం మీద పెట్టాడు.

మర్నాడు మంగయ్య ఊళ్లో చదువొచ్చిన వాళ్లను దొడ్డి దగ్గరికి పిలిచి చదవమన్నాడు. చదివిన వాడు రెండో దాని దగ్గర ఆగిపోయాడు. మూడోది ఎవరూ చదవలేదు. మంగయ్య పైకెక్కి కవరును తిప్పి కప్పాడు. తెల్లటి వైపు ఆకాశానికి ఉంది, రాత గొర్రెల వైపు ఉంది.

స్వరూప బడి మానేసింది. వీడియో తీసేసింది. వీడియోతో పాటు కామెంట్లూ పోయాయి. వేదిక పోరాటం ఫలించి ట్రోలింగ్ ఆగిపోయిందని సైదయ్య వార్త రాశాడు. డాబాల మీద బూడిద మామూలుగానే పడుతోంది.

ఇంతకీ ఆ ఐదు కామెంట్లు ఏమిటో ఇక్కడ రాయనందుకు పాఠకులు విసుక్కోవద్దు. సైదయ్య ఫోన్‌లో ఫ్లెక్సీ ఫొటో ఉంది. మీలాంటి వాళ్లు ఇప్పటికే చాలామంది అడిగారు. ఖండించడానికే అని చెబితే వెంటనే పంపుతున్నాడు.